అరవై మూడు వాకిళ్ళ బడి

రాళ్ళవాగుపాలెం బడికి కావలసింది కప్పు. ఈ సంగతి ఊళ్ళో గొడ్లకు కూడా తెలుసు. చినుకు పడితే పిల్లలు పలకలు నెత్తిన పెట్టుకుని ఎదురుగా ఉన్న గొడ్లపాకలోకి ఉరికేవాళ్ళు. గొడ్లు కాస్త సర్దుకుని చోటిచ్చేవి. తెలియనిదల్లా విద్యాశాఖకే.

ప్రధానోపాధ్యాయుడు కోటిలింగం ఆ శాఖకు పదకొండు అర్జీలు పెట్టాడు. మొదటి అర్జీ నాటికి శ్లాబు నుంచి పెచ్చులు రాలేవి. పదకొండో అర్జీ నాటికి రాలడానికి పెద్దగా పెచ్చులు మిగల్లేదు. ఇనుప చువ్వలు తుప్పు పట్టి వేలాడుతున్నాయి. మనిషి ముక్కుసూటి. ముప్ఫై మూడేళ్ళ సర్వీసులో రాని పిల్లవాడికి హాజరు వేయలేదు, చూడని సంగతి చూశానని సంతకం పెట్టలేదు. అందువల్ల శాఖలో ఆయనకు పేరేమీ రాలేదు. భార్య పోయి నాలుగేళ్ళయింది. ఇక పోట్లాడుకోవడానికి ఆయనకు శాఖ ఒక్కటే మిగిలింది. వచ్చే ఏప్రిల్ నెలాఖరుకు పదవీ విరమణ. ఈలోగా పిల్లల నెత్తి మీద ఒక కప్పు చూసి పోవాలని కోరిక. ఆ వయసులో మనిషికి అంతకన్నా పెద్ద కోరికలుండవు. ఉన్నా తీరవు.

పన్నెండో అర్జీలో ఆయన ఒక పొరపాటు చేశాడు. ఉన్నదున్నట్టు రాశాడు. "గది మధ్యలో పెచ్చులు రాలుచున్నందున, అయిదు తరగతుల పిల్లలూ పెద్దాచిన్నా తేడా లేకుండా ఒకే గదిలో, నేల మీద, చుట్టూ గుండ్రంగా కూర్చొనుచున్నారు" అని.

పదిహేను రోజుల్లో జవాబొచ్చింది. ఆ శాఖ పదిహేను రోజుల్లో జవాబిచ్చిందంటేనే ఏదో కీడు జరగబోతోందని ఆయన గ్రహించవలసింది. గ్రహించలేదు. పెద్దాచిన్నా తేడా లేకుండా గుండ్రంగా కూర్చోవడం అనే ఉత్తమ సంప్రదాయాన్ని స్వయంప్రేరణతో పాటిస్తున్నందుకు శాఖ ఆయన్ని అభినందించింది. రాళ్ళవాగుపాలెం బడిని "ప్రజాస్వామ్య పౌరసత్వ వికాస పాఠశాల భవన నమూనా పథకం" కింద ఎంపిక చేసింది.

పథకం ప్రత్యేకాధికారిణి డాక్టర్ వకుళాదేవి మే నెల ఎండలో కారు దిగింది. మూడు దేశాల్లో బడులు చూసి వచ్చిన మనిషి. పాత బడి ముందు నిలబడి కింది నుంచి పైకి, పై నుంచి కిందికి చూసింది.

"ఈ భవనంలో ప్రజాస్వామ్యం ఎక్కడుంది మాస్టారూ?"

"ఎన్నికలప్పుడు వస్తుందండీ. పోలింగ్ ఇక్కడే పెడతారు," అన్నాడు కోటిలింగం.

ఆవిడ నవ్వలేదు. లోపలికి వెళ్ళి వచ్చింది. "గదికి మూలలున్నాయి. మూల అంటే ఏమిటి? బలహీనుణ్ణి నెట్టే చోటు. నల్లబల్ల ఒకే గోడకుంది. అంటే ఒక గోడ పాలించేది, మూడు గోడలు పాలింపబడేవి. గుమ్మం పొట్టి. తల వంచితే గాని లోపలికి రాలేం. ఇది భూస్వామ్య భవనం."

"కప్పు కారుతోందండీ," అన్నాడు కోటిలింగం.

"అది లక్షణం మాత్రమే. రోగం వేరు."

రెండు రోజుల్లో రోగాన్ని కూలగొట్టారు. కొబ్బరికాయ కొట్టకుండా, ముహూర్తం చూడకుండా, సమానత్వం మీద గంటసేపు ఉపన్యాసం చెప్పి మరీ కూలగొట్టారు. కట్టుబడి పని ఊళ్ళో తాపీమేస్త్రి మస్తాన్‌కు అప్పగించారు. ఊళ్ళో సగం ఇళ్ళు అతను కట్టినవే. ఆవిడ ప్లాను కాగితాన్ని కారు మీద పరిచి నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టింది. కాగితం మధ్యలో ఒక సున్నా ఉంది.

మస్తాన్ కాగితం చుట్టూ తిరిగి చూశాడు. "కళ్ళం గదా మేడమ్ ఇది. మా ఊళ్ళో మిరక్కాయలు ఎండబోసుకునేది ఇట్టాంటి దాంట్లోనే."

"ఇది సమానత్వ వలయం," అంది వకుళాదేవి. "యాభై అడుగుల అడ్డకొలత. ఇందులో ముందు వరస ఉండదు, వెనక వరస ఉండదు. మొద్దు అబ్బాయి ఎవడో, తెలివైన అబ్బాయి ఎవడో కూర్చున్న చోటును బట్టి చెప్పలేరు."

"వాడు నోరు తెరిస్తే చెప్పొచ్చండీ," అన్నాడు కోటిలింగం. ఆవిడ దాన్ని రాసుకోలేదు.

మొదటి ప్లానులో ఒకటే వాకిలి. రెండోసారి వచ్చినప్పుడు ఆవిడకు అందులో లోపం కనబడింది. ఒకే వాకిలి ఏకపక్ష పాలనకు అలవాటు చేస్తుంది. రెండు వాకిళ్ళు పెడితే పిల్లలు రెండు ముఠాలవుతారు. మూడు పెడితే సంకీర్ణం, నిలకడ ఉండదు. నాలుగు రోజులు మండల కేంద్రంలో అతిథి గృహంలో కూర్చుని ఆలోచించి, వయోజనులందరికీ తలా ఒక ఓటున్నట్టే పిల్లలందరికీ తలా ఒక వాకిలి ఉండాలని తేల్చింది. బళ్ళో పిల్లలు అరవై ముగ్గురు.

మస్తాన్ పుల్లతో నేల మీద లెక్క గీశాడు. "చుట్టూ కొలిస్తే నూట యాభై ఏడు అడుగులు మేడమ్. వాకిలి అడుగున్నర ఏసుకున్నా, వాకిలికీ వాకిలికీ మధ్య ఒక్క అడుగు స్తంభం మిగుల్ద్ది. మరి గోడ యాడుంది?"

"గోడలు మనుషుల్ని విడదీస్తాయి."

"తలుపులో?"

"తలుపు మూసే హక్కు ఎవరికుంది?"

మస్తాన్ కోటిలింగం వైపు చూశాడు. కోటిలింగం ఆకాశం వైపు చూశాడు. "వచ్చే ఏడు ఇంకో నలుగురు పిల్లలు చేరితేనో?" అన్నాడు మస్తాన్.

"అప్పుడు వాకిళ్ళ పునర్విభజన ఉంటుంది," అంది ఆవిడ. దానికి ఒక కమిటీ కూడా వేసింది.

ఆగస్టుకల్లా స్తంభాలు లేచాయి. ప్రధానోపాధ్యాయుడికి గది లేదు. ఆయన కుర్చీ ఒకే చోట ఉంటే ఆ చోటు సింహాసనమవుతుంది కాబట్టి, గంటకొక వాకిలి దగ్గరికి మారాలని నియమం. గంట కొట్టగానే కోటిలింగం కుర్చీ ఎత్తుకుని పక్క వాకిలికి నడిచేవాడు. నల్లబల్ల ఒక పక్క ఉంటే మిగతా పక్కలు నొచ్చుకుంటాయి కాబట్టి, ప్రతి స్తంభానికీ అడుగు వెడల్పున నల్లరంగు పూశారు. అడుగు వెడల్పులో ఒక మాటే పడుతుంది. "ఆవు మనకు పాలు ఇచ్చును" అని రాయాలంటే నాలుగు స్తంభాలు కావాలి. ఎవడు ఎక్కడ నుంచి మొదలుపెట్టి చదవాలన్నది వాడి స్వేచ్ఛ. రెండో తరగతి వాళ్ళలో సగం మంది "పాలు ఇచ్చును ఆవు మనకు" అని కంఠతా పట్టారు.

"కప్పు ఎప్పుడండీ?" అని అడిగాడు కోటిలింగం.

"అక్కడికే వస్తున్నాను," అంది వకుళాదేవి. "కప్పు అందరి పైనా ఉండేది. అందరి పైనా ఉండేదాన్ని అందరి సమ్మతి లేకుండా పెడితే దాన్ని ఏమంటారు? నియంతృత్వం అంటారు. పిల్లలు ఓటు వేయాలి."

కోటిలింగం గుండె కుదుటపడింది. ఇదొక్కటీ తేలిక పని. ఎందుకంటే రాళ్ళవాగుపాలెంలో ఓటింగ్ అంటే ఏమిటో పిల్లలకు తెలుసు. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఊళ్ళో సర్పంచి పదవికి పోటీ లేదు. పెద్దలు ఒక పూట కూర్చుంటారు, ఒక పేరు అనుకుంటారు, ఒకటే నామినేషన్ పడుతుంది. ఏకగ్రీవమైన ఊరికి సర్కారు బహుమతి ఇస్తుంది. వాగు మీద కల్వర్టు అట్లా వచ్చిందే, మంచినీళ్ళ ట్యాంకు అట్లా వచ్చిందే. ఎవరైనా అడ్డం మాట్లాడితే, "ట్యాంకు వద్దా ఏందిరా నీకు?" అని నోరు మూయించేవాళ్ళు. పిల్లలు అదే నేర్చుకున్నారు. కప్పు కావాలా అని అడగ్గానే అరవై మూడు చేతులు ఒక్కసారి లేచాయి. కోటిలింగం ఆ తీర్మానాన్ని రిజిస్టరు పోస్టులో పంపాడు.

నాలుగో రోజు తిరిగొచ్చింది.

"సదరు తీర్మానమునకు వ్యతిరేకముగా ఒక్క ఓటైనను పోలు కాకపోవుట ప్రజాస్వామ్య వాతావరణ లోపమును సూచించుచున్నది. ప్రతిపక్షము లేనిచోట సమ్మతి సమ్మతి కాదు, అది భయము. కావున ప్రతిపక్షమును ఏర్పాటు చేసి, ప్రచారమునకు పదిహేను దినములు గడువొసగి, రహస్య బ్యాలెట్ పద్ధతిన మరల ఓటింగు జరుపవలెను."

"ఇదేంది అయ్యోరా," అన్నాడు మస్తాన్, కాగితం చదివించుకుని. "రోడ్డుకి ఈ పక్క ఏకగ్రీవమైతే బహుమతి. ఆ పక్క ఏకగ్రీవమైతే తప్పు. రెండూ ఒకే సర్కారేనా?"

"ఒకటే. రెండు శాఖలు."

ప్రతిపక్షాన్ని ఏర్పాటు చేయవలసి వచ్చింది. అయిదో తరగతిలో తిరుపతమ్మ అనే పిల్ల ఉంది. ఏం చెప్పినా ఎదురు చెప్తుంది. వాళ్ళ తమ్ముడు ఏడుకొండలు రెండో తరగతి. కోటిలింగం ఆ పిల్లను పిలిచి, ఆరుగురు పిల్లల్ని ఇచ్చి, "నువ్వు కప్పు వద్దని చెప్పాలమ్మా. ఊరికే," అన్నాడు.

తిరుపతమ్మ ఊరికే ఏ పనీ చేసే రకం కాదు. కప్పు కావాలనేవాళ్ళు, "కప్పుంటే తడవం" అన్నారు. తిరుపతమ్మ మర్నాడు ఒకే ఒక మాట అంది: "కప్పు పడితే వానకు సెలవుండదు."

ఆ మాట వాకిలి వాకిలికీ తిరిగింది. ఒకటో తరగతి వాళ్ళకు ఆమె రేగొడియాలు పంచింది. మూడో తరగతికి, వాన లేకపోయినా మబ్బు పడితే చాలు సెలవు ఇప్పిస్తానని మాటిచ్చింది. పదిహేనో రోజున చీటీలు విప్పి లెక్కపెట్టారు. కప్పు వద్దు, ముప్ఫై నాలుగు. కప్పు కావాలి, ఇరవై తొమ్మిది.

కోటిలింగం చీటీలు మూడుసార్లు లెక్కపెట్టాడు. పిల్లను పిలిచాడు. "ఊరికే వద్దన్నట్టు చెయ్యమన్నాను గదమ్మా."

"గెలవొద్దని మీరు చెప్పలేదు గద సార్," అంది తిరుపతమ్మ.

వకుళాదేవి సంతోషానికి అవధుల్లేవు. ఉపాధ్యాయుడి అభీష్టానికి వ్యతిరేకంగా విద్యార్థులు స్వతంత్ర నిర్ణయం తీసుకోవడం ఈ పథకం సాధించిన తొలి ఘనవిజయమని పై అధికారులకు రాసింది. ఒకసారి వీగిపోయిన తీర్మానాన్ని అదే విద్యాసంవత్సరంలో మళ్ళీ ప్రవేశపెట్టకూడదని కోటిలింగానికి రాసింది. మళ్ళీ విద్యాసంవత్సరం జూన్‌లో మొదలవుతుంది. కోటిలింగం ఏప్రిల్‌లో దిగిపోతాడు.

అక్టోబరులో ప్రారంభోత్సవం. వాకిలికొక రిబ్బను. ఒక్క రిబ్బనే కత్తిరిస్తే మిగతా వాకిళ్ళకు అన్యాయం కాబట్టి ముఖ్య అతిథి అరవై మూడూ కత్తిరించాలి. పందొమ్మిదో రిబ్బను దగ్గర వాన మొదలైంది. బంట్రోతు గొడుగు పట్టాడు. ముఖ్య అతిథి మిగతా నలభై నాలుగూ ఓపిగ్గా కత్తిరించి, "ఆకాశం ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఈ బడి పిల్లలకు మనం ఏకంగా ఆకాశాన్నే ఇచ్చాం," అని రెండు మాటలు చెప్పి కారెక్కాడు. పిల్లలు పలకలు నెత్తిన పెట్టుకుని గొడ్లపాకలోకి ఉరికారు. గొడ్లు సర్దుకున్నాయి.

ఆ ఏడు నవంబరంతా ముసురు. తిరుపతమ్మ మాట నిలబెట్టుకోలేకపోయింది. వానకు సెలవివ్వడానికి కూడా ఒక తీర్మానం కావాలని శాఖ రాసింది. పిల్లలు తడిసిన చొక్కాలతో గొడ్ల మధ్య నిలబడి ఎక్కాలు చెప్పారు. ఏడుకొండలుకు జ్వరం తగిలి రొమ్ము పట్టేసింది. ఎనిమిది రోజులు మండలం ఆసుపత్రిలో ఉన్నాడు. తొమ్మిదో రోజున తిరుపతమ్మ బడికొచ్చి కోటిలింగం కుర్చీ ఏ వాకిలి దగ్గరుందో వెతుక్కుని వచ్చి నిలబడింది.

"సార్, మేం ఓడిపోయినట్టు రాయండి."

"రాయడానికి లేదమ్మా," అన్నాడు కోటిలింగం.

ఈలోగా ఊళ్ళో ఇంకో విడ్డూరం జరిగింది. పంచాయతీ ఎన్నికలొచ్చాయి. పెద్దలు ఎప్పటిలాగే కూర్చుని ఓబులమ్మ పేరు అనుకున్నారు. అంతా అయిపోయి లేవబోతుంటే పొగాకు రైతు మాలకొండయ్య, "నేనూ నామినేషన్ ఏస్తన్నా," అన్నాడు. ఆయన మనవరాలు ప్రతిపక్షంలో ఉంది. పిల్లల ప్రచారం పదిహేను రోజులూ ఆయన శ్రద్ధగా చూశాడు.

"ఎందుకు మావా? నీకేం తక్కువైంది?" అంది ఓబులమ్మ.

"తక్కువేం లేదమ్మాయ్. ప్రతిపక్షం లేకపోతే సమ్మతి సమ్మతి కాదంట. సర్కారే రాసింది. చదవమను అయ్యోర్ని."

ముప్ఫై ఏళ్ళ తరవాత రాళ్ళవాగుపాలెంలో సర్పంచి పదవికి ఓటింగ్ వచ్చింది. ఫిబ్రవరిలో పోలింగ్. దాంతో తహసీల్దారు పోలింగ్ కేంద్రం చూడటానికొచ్చాడు. వలయం మధ్యకు వచ్చి నిలబడి నాలుగు పక్కలా చూశాడు.

"బడి ఎక్కడయ్యా?"

"మీరు నిలబడింది బళ్ళోనేనండీ," అన్నాడు కోటిలింగం.

తహసీల్దారు చేతిలో కాగితం ఉంది. పోలింగ్ కేంద్రానికి కప్పుండాలి. గోడలుండాలి. లోపలికి ఒక దారి, బయటికి ఒక దారి ఉండాలి. ఓటరు ముద్ర వేసేది ఎవరికీ కనబడకూడదు. తాగే నీళ్ళు, దీపం, ఫ్యాను, బల్లలు, నడవలేనివాళ్ళకు వాలు దారి ఉండాలి. ఆయన ఒక్కొక్కటే చదువుతూ చుట్టూ చూసి, ఒక్కొక్కదాని పక్కనే "లేదు" అని రాసుకున్నాడు.

"ఇట్లా కట్టమని ఎవరు చెప్పారు మీకు?"

"ప్రజాస్వామ్యం కోసమండీ."

"ప్రజాస్వామ్యానికి ఇది పనికిరాదు," అన్నాడు తహసీల్దారు.

మూడు రోజుల్లో వలయం పక్కనే ఇటుక గోడలతో రేకుల గది లేచింది. అర్జీ లేదు, తీర్మానం లేదు, ప్రతిపక్షం లేదు. నాలుగు మూలలతో, పెద్ద కిటికీతో, గట్టి తలుపులతో కట్టింది మస్తానే. చివరి రేకు బిగించి దిగి, చేతులు దులుపుకున్నాడు.

"పన్నెండు అర్జీలు పెట్టావు గదా అయ్యోరా. పోటీకి ఒక మనిషిని నిలబెట్టుకుంటే సరిపోయేది."

పోలింగ్ జరిగింది. ఓబులమ్మ రెండు ఓట్ల తేడాతో గెలిచింది. మాలకొండయ్య వెళ్ళి ఆమె ఇంట్లో కాఫీ తాగొచ్చాడు. మర్నాడు మండలాఫీసు నుంచి కాగితం వచ్చింది. తాత్కాలిక పోలింగ్ కేంద్రాన్ని వారం లోపల విప్పి, రేకులూ బల్లలూ ఫ్యానూ తిరిగి అప్పగించాలి.

ఆ వారం పిల్లలు రేకుల గదిలో కూర్చున్నారు. ఆవు వరసగా పాలిచ్చింది. ఆఖరి బల్ల మీద కూర్చున్నవాళ్ళు హాయిగా కునుకు తీశారు. కోటిలింగం కుర్చీ ఒకే చోట ఉంది.

"మళ్ళీ ఎన్నికలెప్పుడు సార్?" అని అడిగింది తిరుపతమ్మ.

"అయిదేళ్ళకు."

ఆ పిల్ల వేళ్ళు ముడిచింది. "అప్పటికి మా తమ్ముడు గూడా బళ్ళో ఉండడు."

పోలింగ్ సిబ్బంది మరిచిపోయిన నిబంధనల పుస్తకం ఒకటి బల్ల సొరుగులో దొరికితే కోటిలింగం ఇంటికి పట్టుకెళ్ళాడు. రెండు రోజులు చదివాడు. మూడో రోజు సాయంత్రం మాలకొండయ్య పొగాకు కొట్టానికి వెళ్ళాడు. మాలకొండయ్య ఆకు గ్రేడు చేస్తున్నాడు.

"నువ్వు కేసు వెయ్యాలి మాలకొండయ్యా."

"ఎవరి మీద?"

"ఓబులమ్మ ఎన్నిక చెల్లదని."

మాలకొండయ్య ఆకు కింద పెట్టాడు. "రెండోట్లతో ఓడిపోయా. దానికి కేసేంది? ఆ పిల్ల నాకు కోడలి వరస. నిన్న పులుసు పంపించింది."

"పులుసు తిను. కేసు వెయ్యి. కేసు తెగేదాకా సాక్ష్యంగా ఉన్నదాన్ని ఎవరూ కదిలించకూడదు. పుస్తకంలో ఉంది. ఆ రేకుల గది సాక్ష్యం కావాలి."

"ఏం చేసిందని ఆ గది?"

"గది కిటికీ బడి వైపుంది. బడికి గోడల్లేవు. బళ్ళో నిలబడితే లోపల ఓటు వేసేది కనబడుతుంది. రహస్యం పోయింది. ఎన్నిక చెల్లదు."

"కనబడుద్దా?"

"కిటికీ కనబడుతుంది. మిగతాది సాక్షి చెప్పాలి."

"సాక్షెవరు?"

"నేను."

కొట్టంలో పొగాకు ఘాటుకు ఇద్దరికీ కళ్ళు మండాయి. "నువ్వు చూశావా అయ్యోరా?" అన్నాడు మాలకొండయ్య మెల్లగా.

"లేదు. ఆ రోజు నాకు పక్క మండలంలో డ్యూటీ. మధ్యాహ్నం ఓటు వేయడానికి వచ్చి పోయాను. ఆ కాసేపట్లో చూశానంటాను."

"సర్కారు ఉద్యోగివి. ఊరోళ్ళు ఎవరికేశారో తొంగి చూశానంటే ఊరుకుంటారా? పింఛనాపేస్తారు."

"ఆపుతారు. కేసు తెగేదాకా."

"కేసెప్పటికి తెగుద్ది?"

"అది మన చేతుల్లో ఉంది," అన్నాడు కోటిలింగం.

వారం నిండకముందే కేసు పడింది. జడ్జిగారు స్వయంగా వచ్చి చూశారు. సమానత్వ వలయంలో, ఇరవై రెండో వాకిలి దగ్గర నిలబడి, కోటిలింగం చెయ్యి చూపిన వైపు చూశారు. కిటికీ నిజంగానే కనబడింది. అడ్డంగా గోడ అనేది ఎక్కడా లేదు. కేసు తేలేవరకు రేకుల గదిలో ఒక్క మేకు కూడా కదపరాదనీ, సాక్షి నిలబడి చూసిన వలయాన్ని కూడా ఉన్నదున్నట్టు ఉంచాలనీ ఉత్తర్వులిచ్చారు. పిల్లలు కూర్చుని చదువుకుంటే సాక్ష్యం చెడిపోదు గదా అని మాలకొండయ్య వకీలు అడిగాడు. చెడిపోదన్నారు.

కోటిలింగానికి శాఖ నుంచి కాగితం వచ్చింది. ఓటు రహస్యాన్ని ఉల్లంఘించినందుకు సస్పెన్షన్. ఏప్రిల్ ముప్ఫయ్యో తేదీన, సస్పెన్షన్‌లోనే, శాలువా లేకుండా దిగిపోయాడు. ముప్ఫై మూడేళ్ళ సర్వీసులో శాఖ ఆయన మాటను వెంటనే నమ్మింది ఒక్కసారే. ఆ ఒక్కసారి ఆయన చెప్పింది అబద్ధం.

మరుసటి జనవరిలో వకుళాదేవి వచ్చింది. పథకం ఫలితాల మీద నివేదిక రాయాలి. సమానత్వ వలయం నిండా మిరపకాయలు ఎండుతున్నాయి. అరవై మూడు వాకిళ్ళ నుంచి గాలి ఆడుతుండటంతో మూడు రోజులకే గలగలమంటున్నాయి. మస్తాన్ ఒక పక్కన కాయలు తిరగేస్తున్నాడు. చేను అతనిదే.

"పిల్లలేరీ?" అంది ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని.

మస్తాన్ రేకుల గది చూపించాడు.

"ఆ కొట్టులోనా? దానికి మూలలున్నాయి. వెనక వరస ఉంది. తలుపు కూడా మూసి ఉంది."

"కోర్టు సొత్తు మేడమ్. చెయ్యి ఎయ్యకూడదు."

ఆవిడ పుస్తకం తీసి, విద్యార్థులకు న్యాయవ్యవస్థతో ప్రత్యక్ష అనుభవం కలుగుతున్నదని రాసుకుంది. తుమ్ముకుంటూ కారెక్కింది. ఆ నివేదిక చూసి పథకాన్ని మరో నలభై ఊళ్ళకు విస్తరించారు.

కేసు నడుస్తూనే ఉంది. వాయిదా ఉన్న రోజు ఓబులమ్మ, మాలకొండయ్య, కోటిలింగం ఒకే ఆటోలో కోర్టుకు వెళ్తారు. టిఫిను ఓబులమ్మ కట్టి తెస్తుంది. ఆమె మనవడు ఈ ఏడే ఒకటో తరగతిలో చేరాడు. మొన్న అక్టోబరు వాయిదాకు జడ్జిగారు ఫైలు మూసి ఇద్దరి వైపూ చూశారు. "రెండు ఓట్ల తగాదా. రాజీకి వస్తారా?"

"రామండి," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

రాళ్ళవాగుపాలెంలో ముప్ఫై ఏళ్ళుగా ఏకగ్రీవం కాని పని లేదు. ఈ తగాదా కూడా అంతే. ఊరంతా ఒక పూట కూర్చుని అనుకున్నారు.

జడ్జిగారు కోటిలింగం వైపు తిరిగారు. "మీరు కళ్ళారా చూశారా?"

"చూశానండీ."

"ఎంతమందిని?"

"జ్ఞాపకం తెచ్చుకోవడానికి వ్యవధి కావాలండీ."

జనవరికి వేశారు. తిరిగి వచ్చేటప్పుడు జోరువాన. బడి దగ్గర ఆటో ఆపించుకుని కోటిలింగం గొడుగు కింద నిలబడ్డాడు. వలయంలో ఎక్కడ చూసినా నీళ్ళు. రేకుల మీద వాన మోతకు కొత్త పంతులు గొంతు వినబడటం లేదు. కిటికీ దగ్గర ఏడుకొండలు కూర్చుని ఉన్నాడు. నాలుగో తరగతికొచ్చాడు. చొక్కా పొడిగా ఉంది. మొహం మాత్రం చిటపటలాడుతోంది. గొడుగు కింద ఉన్నది ఎవరో చూసుకోకుండా పక్కవాడితో అంటున్నాడు:

"ఇంత వానొచ్చినా సెలవియ్యరంటరా. అంతా ఆ పాత సార్ మూలాన్నే. ముసలాడు ఊరుకోకుండా కోర్టుకు పొయ్యి కప్పు నిలబెట్టాడు."

ముప్ఫై మూడేళ్ళ సర్వీసుకు కోటిలింగం అందుకున్న సన్మానపత్రం అదొక్కటే. పూర్తిగా విని, వచ్చి ఆటో ఎక్కాడు.